పాఠకుల ప్రశ్నలు: టామ్ మొరెల్లో గిటారు, జెండా, గొడవలు

అమెరికా రాక్ బ్యాండు 'రేజ్ అగైన్స్ట్ ద మెషీన్' గిటారిస్టు టామ్ మొరెల్లో గురించి పోయిన సంచికలో చిన్న పరిచయం వేశాం. దాని మీద కర్నూలు, కడప, అనంతపురం పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. సగం ఆయన వాయించే తీరు గురించి, సగం ఆయన రాజకీయాల గురించి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాల్ని కలిపేశాం. ఆ పరిచయం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: మొరెల్లో 1964లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి కెన్యా దౌత్యవేత్త, తల్లి మేరీ మొరెల్లో బడిపంతులమ్మ. ఇల్లినాయ్ రాష్ట్రంలోని లిబర్టీవిల్‌లో తల్లి దగ్గరే పెరిగాడు. 1986లో హార్వర్డ్‌లో డిగ్రీ పూర్తిచేసి, గిటారు పట్టుకుని లాస్ ఏంజెలెస్ చేరాడు. 1991లో బ్యాండు, 1992 నవంబరులో మొదటి ఆల్బమ్.

టీవీలో అమెరికా జెండాను తలకిందులుగా కట్టి గొడవపడ్డారని రాశారు. అంత పని చేసినా వాళ్లను జైల్లో పెట్టలేదెందుకు? మన దగ్గర కాలేజీ ఫంక్షన్లో ఎవరైనా అట్ల చేస్తే ఏమవుతుంది?
— డిగ్రీ అధ్యాపకుడు, కడప

అది 1996 ఏప్రిల్ 13 రాత్రి, ఎన్‌బీసీ చానల్లో 'సాటర్డే నైట్ లైవ్' కార్యక్రమం. ఆ రోజు దాన్ని నడిపింది స్టీవ్ ఫోర్బ్స్. రిపబ్లికన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీపడాలని చూసిన కోటీశ్వరుడు ఆయన. బ్యాండువాళ్లు తమ ఆంప్లిఫయర్ల మీద జెండాల్ని తలకిందులుగా వేలాడదీశారు. పాట మొదలయ్యేలోపే స్టేజీ సిబ్బంది వాటిని లాగేశారు. రెండు పాటలు పాడాల్సింది, ఒక్క పాటతో సరిపెట్టి వాళ్లను భవనంలోంచి పంపేశారు.

జైలు మాట రాకపోవడానికి కారణముంది. జెండాను తగలబెట్టడం కూడా నిరసన తెలిపే స్వేచ్ఛ కిందికే వస్తుందని 1989లో టెక్సాస్ వర్సెస్ జాన్సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తేల్చింది. తలకిందుల జెండా అంటే అక్కడి సంప్రదాయంలో 'ప్రాణాపాయంలో ఉన్నాం, ఆదుకోండి' అనే సంకేతం కూడా. బ్యాండు చెప్పదలచుకున్నదీ అదే: దేశం ఆపదలో ఉంది అని. వాళ్లను ఆపింది ప్రభుత్వం కాదు, చానల్ యాజమాన్యం. రెండూ ఒకటి కాదు. మాట్లాడే హక్కు సర్కారు నుంచి కాపాడుతుంది గానీ టీవీ యజమాని తన స్టేజీ మీదికి ఎవర్ని రానివ్వాలనే దాంట్లో తలదూర్చదు.

మన దగ్గర లెక్క వేరు. జాతీయ గౌరవానికి అవమానాల నిరోధక చట్టం, 1971లోని 2వ సెక్షన్ ప్రకారం జెండాను బహిరంగంగా అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కావాలని కాషాయం కిందికి వచ్చేలా ఎగరేయడం అవమానమేనని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. రెండోసారి రుజువైతే కనీసం ఏడాది జైలు తప్పదు. విద్యార్థులకు ఇది ముందే చెప్పండి. జెండాను డ్రమ్ముల మీద కప్పడం, స్పీకరు బాక్సుకు చుట్టడం కూడా వద్దు. ప్రభుత్వ నిర్ణయాల్ని చట్టబద్ధంగా మార్చాలని మాటల్లో విమర్శించడం నేరం కాదని అదే చట్టం చెబుతోంది. కాబట్టి చెప్పాల్సింది పాటలో చెప్పొచ్చు, బ్యానరు మీద రాయొచ్చు. మొరెల్లో కూడా తన గిటారు మీద 'ఇల్లు లేనివాళ్లకు ఆయుధాలివ్వండి' అనే అర్థం వచ్చే మూడు మాటలు రాసుకున్నాడు. ముప్ఫై ఏళ్లు దాటినా అవి ఆ గిటారు మీదే ఉన్నాయి.

పెట్టుబడిదారీని తిడుతూ సోనీ కంపెనీకి పాటలు చేసిపెట్టడం ఏం న్యాయం?
— బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

ఈ ప్రశ్న ఆయన్ను 1992 నుంచీ వెంటాడుతోంది. బ్యాండు ఒప్పందం ఎపిక్ రికార్డ్స్‌తో, ఎపిక్ సోనీ కిందిది. మొరెల్లో జవాబు సారాంశం ఇది: సరుకు అమ్ముడయ్యే దారులన్నీ కంపెనీల చేతుల్లో ఉన్న దేశంలో, మాట జనం దాకా పోవాలంటే ఆ దారులే పట్టాలి, వ్యవస్థను తిట్టే మేధావుల పుస్తకాలు కూడా పెద్ద కంపెనీల దుకాణాల్లోనే అమ్ముడవుతాయి.

ఈ జవాబు సగమే సరిపోతుందని మా అభిప్రాయం. మాట దూరం పోయిన సంగతి నిజం. మెక్సికోలోని చియాపస్‌లో 1994 జనవరి 1న తిరగబడ్డ ఆదివాసీ రైతుల సంస్థ జపాటిస్టుల పేరు అమెరికా కాలేజీ పిల్లలు చాలామంది ఈ పాటల్లోనే మొదట విన్నారు. అయితే అమ్ముడైన ప్రతి డిస్కులోనూ కంపెనీకి వాటా పోయింది. అది కూడా నిజమే. ఆ డబ్బూ పేరూ ఎక్కడ ఖర్చుపెట్టారో చూసి తూకం వెయ్యడం మేలు. బట్టల ఫ్యాక్టరీ కూలీల పక్షాన 1997 డిసెంబరులో శాంటా మోనికాలో గెస్ కంపెనీకి వ్యతిరేకంగా ధర్నా చేసి మొరెల్లో అరెస్టయ్యాడు. 2000 జనవరి 26న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ముందు, మైకేల్ మూర్ దర్శకత్వంలో వీడియో తీస్తూ మెట్ల మీద వాయించారు, ఎక్స్ఛేంజి తలుపులు మూసేశారు. 2011లో విస్కాన్సిన్‌లో ప్రభుత్వోద్యోగుల సంఘాల హక్కులు తగ్గించే బిల్లు వచ్చినప్పుడు చలిలో మాడిసన్ వెళ్లి వాళ్ల మధ్య పాడాడు. కంపెనీతో ఒప్పందం ఉన్నా ఈ పనులేవీ ఆగలేదు.

ఆయన మద్దతిచ్చిన వాళ్లందరూ మద్దతుకు అర్హులేనా?
— పాఠకురాలు, అనంతపురం

కాదు. ఒకటి సూటిగా చెప్పాలి. మొదటి ఆల్బమ్‌లోని 'బాంబ్‌ట్రాక్' పాట వీడియో పెరూలోని మావోయిస్టు సాయుధ సంస్థ షైనింగ్ పాత్ నాయకుడు అబిమాయెల్ గుజ్మాన్‌కు మద్దతుగా తీశారు. మొరెల్లో టెలికాస్టర్ గిటారు మీద ఆ సంస్థ పేరే స్పానిష్‌లో ఉంటుంది. పెరూ ప్రభుత్వం వేసిన సత్య కమిషన్ 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ సంస్థకూ ప్రభుత్వానికీ నడుమ సాగిన అంతర్యుద్ధంలో సుమారు 69 వేలమంది చనిపోయారు, తమ దృష్టికి వచ్చిన మరణాల్లో సగానికి పైగా షైనింగ్ పాత్ చేసినవే. చచ్చినవాళ్లలో ఎక్కువమంది కొండల్లో బతికే కెచువా భాష రైతులు. పేదల పేరు చెప్పి పేదల్నే నరికిన సంస్థ అది. ఆ వీడియోను ఏ రకంగానూ సమర్థించలేం.

బ్యాండు అండగా నిలిచిన నల్లజాతి జర్నలిస్టు ముమియా అబూ జమాల్ సంగతి ఇంత తేలిక కాదు. ఫిలడెల్ఫియా పోలీసు డేనియల్ ఫాక్నర్‌ను చంపాడన్న కేసులో 1982లో ఆయనకు మరణశిక్ష పడింది. విచారణ న్యాయంగా జరగలేదని చాలామంది వాదించారు. 1999 జనవరి 28న న్యూజెర్సీలో ఆయన న్యాయపోరాటానికి నిధుల కోసం బ్యాండు కచేరీ చేసింది. పోలీసు సంఘాలు మండిపడ్డాయి, గవర్నరు క్రిస్టీన్ విట్‌మన్ జనాన్ని వెళ్లొద్దని కోరింది. తర్వాతి కాలంలో మరణశిక్ష రద్దయి యావజ్జీవం మిగిలింది. ఇక్కడ బ్యాండు అడిగింది న్యాయమైన విచారణ. చనిపోయిన పోలీసు కుటుంబం బాధకూడా నిజమైనదే. రెండూ మనసులో పెట్టుకుని ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం.

సార్, గిటారు మాటిమాటికీ ఆగి ఆగి, మిషన్ గన్ను మాదిరి కొట్టే సప్పుడు వస్తాది కదా, అది స్విచ్చుతో చేస్తాడని రాసినారు. నా గిటారులో అటూ ఇటూ ఎంత తిప్పినా సప్పుడు మారతాంది గానీ ఆగడంల్యా. ఏం చెయ్యాల?
— బీటెక్ విద్యార్థి, కర్నూలు

మీరు పంపిన ఫొటోలో ఉన్నది స్ట్రాట్ తరహా గిటారు. అయిదు దశల స్విచ్చు, మూడు పికప్‌లకూ (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) కలిపి ఒకటే వాల్యూమ్ నాబ్. దాంట్లో ఈ పని కాదు. మొరెల్లో పద్ధతికి రెండు పికప్‌లు, వాటికి వేరువేరు వాల్యూమ్‌లు, మధ్యలో టాగుల్ స్విచ్చు కావాలి. మెడ వైపు పికప్ వాల్యూమ్ సున్నాలో, బ్రిడ్జి (తీగలు ఆనే కింది కొస) వైపుది పదిలో పెడతాడు. స్విచ్చు ఒక కొసకు పోతే మోత, ఇంకో కొసకు పోతే నిశ్శబ్దం. మీ మిత్రుల దగ్గర లెస్ పాల్ తరహా గిటారుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: మామూలు వైరింగులో స్విచ్చు నడుమ స్థానంలో ఉన్నా చప్పుడు రాదు. ఎందుకంటే రెండు వాల్యూమ్‌లూ అక్కడ ఒకే తీగకు కలుస్తాయి, సున్నాలో ఉన్నది మొత్తం సిగ్నల్‌ను గ్రౌండుకు లాగేస్తుంది. అంటే కొస నుంచి కొసకు పూర్తిగా తిప్పాల్సిన పని లేదు, సగం దూరం చాలు. వేగమంతా ఆ సగం దూరంలోనే ఉంది.

మీ గిటారుకు 'కిల్ స్విచ్' పెట్టించుకోండి. సామాను పెద్దగా లేదు. నొక్కినప్పుడే కలిసే పుష్ బటన్ ఒకటి. దీన్ని కొట్లో 'నార్మల్లీ ఓపెన్, మొమెంటరీ' అని అడగాలి. 12 మిల్లీమీటర్ల రంధ్రంలో కూర్చునేది దొరుకుతుంది. ఒక్కోటి జానెడు పొడవున్న సన్నటి వైర్లు రెండు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సీసం. మొబైల్ రిపేరు షాపువాళ్లెవరైనా అరగంటలో చేసిపెట్టే పనే.

మొదట తీగలు వదులుచేసి పైప్లేటు విప్పండి. ఏ వైరు ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసుకోండి. బటన్‌కు రెండు కాళ్లుంటాయి, ఏది ఎటైనా ఫరవాలేదు. ఒకటి వాల్యూమ్ పాట్ (నాబ్ కింది గుండ్రటి భాగం) మధ్య కాలికి (కేబుల్ గుచ్చే జాక్ కొసకు పోయే వైరు అక్కడే ఉంటుంది), రెండోది గ్రౌండుకు, అంటే పాట్ వీపు మీద నల్ల వైర్లన్నీ కలిసే సీసం ముద్దకు. రంధ్రం చేసేముందు వైర్లు ఊరికే మెలిపెట్టి, గిటారును ఆంప్‌కు తగిలించి చూడండి. నొక్కితే ఆగాలి, వదిలితే మోగాలి. అది తేలాకే డ్రిల్ పట్టండి. ప్లేటు మీద మాస్కింగ్ టేపు అంటించి, సన్నటి బిట్‌తో మొదలుపెట్టి నిదానంగా పెంచుకుంటూ పోవాలి, లేకపోతే ప్లాస్టిక్ పగులుతుంది. బటన్ కాలి మీద ఐరన్‌ను రెండు మూడు సెకన్లకు మించి ఉంచితే లోపలి ప్లాస్టిక్ కరిగి బటన్ బిగుసుకుపోతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది మూడుచోట్ల. 'నార్మల్లీ క్లోజ్డ్' బటన్ కొంటే అంతా తలకిందులవుతుంది: నొక్కితేనే మోగుతుంది. జాక్‌కు పోయే వైరును కత్తిరించి మధ్యలో బటన్ పెడితే, ఆగిన ప్రతిసారీ గుయ్యిమని హమ్ వస్తుంది, ఎందుకంటే తెగిన వైరు ఏరియల్ మాదిరి గాల్లోని కరెంటు రొదను పట్టుకుంటుంది. అందుకే తెంచకుండా గ్రౌండుకు కలపమన్నాం. ఇక కాలింగ్ బెల్ బటన్ పెడితే లోపలి రేకు ఎగిరెగిరి పడి ప్రతి నొక్కుకీ టిక్కుటిక్కుమంటుంది.

సాధన: డిస్టార్షన్ (మోతను గరుకుగా చేసే ఎఫెక్ట్) పెట్టి, ఎడమచేత్తో ఒక స్వరం పట్టి సాగనివ్వండి. మెట్రోనోమ్ (తాళం వేసే యంత్రం) నిమిషానికి 60లో పెట్టి, దెబ్బకు నాలుగుసార్లు నొక్కండి. నాలుగూ ఒకే కొలతలో వచ్చాకే అయిదయిదు పెంచాలి. వేగం ముందొచ్చి కొలత తర్వాత వస్తుందనుకుంటే ఎప్పటికీ రాదు.

డీజే రికార్డు గీకినట్టు, పిట్ట అరిచినట్టు వినిపించేవి నిజంగా గిటారువేనా? కీబోర్డు కాదా?
— సంగీత విద్యార్థిని, కడప

అన్నీ గిటారువే. మొదటి ఆల్బమ్ అట్ట మీదే 'ఇందులో శాంపిళ్లు, కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదు' అని అచ్చువేసుకున్నారు. వినేవాళ్లకు అనుమానం వస్తుందని వాళ్లకూ తెలుసు.

గీకుడు శబ్దానికి వావా పెడల్‌ను (శబ్దాన్ని 'వా' అనిపించే కాలిమీట) ముందుకు తొక్కి అక్కడే నిలిపి, ఒక చేతిని తీగల మీద ఆనించి పైకీ కిందికీ రుద్దుతూ, రెండో చేత్తో పైన చెప్పిన స్విచ్చును తాళం ప్రకారం తిప్పాలి. తీగ నుంచి స్వరం రాకూడదు, రాపిడి మాత్రమే రావాలి. డిస్టార్షన్ తక్కువైతే ఏమీ వినపడదు. 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' సోలోలో కీచుమని ఎగిరే స్వరం డిజిటెక్ కంపెనీ వామీ పెడల్‌ది. కాలితో తొక్కేకొద్దీ స్వరం రెండు స్థాయిలు పైకి పోతుంది, అంటే 24 అర్ధస్వరాలు. ఆయన వాడే పాత మోడల్ కోసం డబ్బు పోసుకోవద్దు. చాలా మల్టీ ఎఫెక్ట్ పెడళ్లలో 'పిచ్ బెండ్' ఉంటుంది. కనిష్ఠం 0, గరిష్ఠం +24 పెట్టి, డిస్టార్షన్‌కు ముందు ఉంచండి. వెనక ఉంచితే పెడల్‌కు అసలు స్వరం ఏదో తెలీక వణుకుతుంది. ఒకేసారి రెండు తీగలు మోగించినా అంతే.

సెకండ్‌హ్యాండ్ వామీ కొంటే అడాప్టర్ చూసి తీసుకోండి. నాలుగో తరం మోడల్‌కు 9 వోల్టుల ఏసీ కావాలి, అయిదో తరానికి 9 వోల్టుల డీసీ. పిన్ను ఒకదానిది ఇంకోదాంట్లో దూరుతుంది, పెడల్ మాత్రం కాలిపోవచ్చు.

ఇంకో సంగతి, ఈ పాటల్లో చాలావాటికి లావు తీగను 'E' స్వరం నుంచి 'D' స్వరానికి దించాలి. మీ గిటారు బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలేదైతే, ఒక తీగ దించగానే మిగిలిన అయిదూ పైకెక్కుతాయి. శ్రుతి చేసినకొద్దీ జారిపోతూనే ఉంటుంది. మొరెల్లో అందుకే ఆ పాటలకు బ్రిడ్జి కదలని టెలికాస్టర్ తీసుకుంటాడు. లావు తీగ మందం 46 (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) బదులు 48 గానీ 52 గానీ వేస్తే దించినా వదులుగా కొట్టుకోదు.

మా చిన్నాయన అమెరికా నుంచి ఆంప్ తెచ్చినాడు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాం. పాడేటప్పుడు మైకుకు పెదాలు తగిల్తే జిల్లుమంటాంది. ఆంప్ పాడైందా?
— ఆర్కెస్ట్రా గిటారిస్టు, అనంతపురం

ముందు వాడటం ఆపండి. ఆంప్ బాగానే ఉండొచ్చు, ఎర్త్ లేకపోవడం అసలు జబ్బు. అమెరికా ఆంప్‌కు 120 వోల్టులు కావాలి, మన దగ్గర 230. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం సరైన పనే. కానీ చవక రకాలకు రెండు చప్పిడి పిన్నుల సాకెట్ మాత్రమే ఉంటుంది, ఎర్త్ అక్కడే తెగిపోతుంది. అప్పుడు ఆంప్ లోంచి కారే కొద్దిపాటి కరెంటు గిటారు తీగల మీదికి వస్తుంది. చేతులు తీగల మీద, పెదాలు మిక్సర్ ఎర్త్‌కు కలిసిన మైకు మీద. మీ ఒళ్లే వైరవుతుంది. ఈ రకంగా స్టేజీ మీద ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

మూడు పిన్నుల సాకెట్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. ఆంప్ వెనక రాసిన వాట్లకు రెట్టింపు వీఏ (వోల్ట్-ఆంపియర్, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కొలత) ఉన్నది తీసుకోండి, 150 వాట్లు రాసుంటే 300 వీఏ, వీలైతే 500. ఆంప్, మిక్సర్, పెడల్స్ అన్నీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి. ఒకటి జనరేటర్ మీద, ఒకటి ఊరి లైను మీద ఉండకూడదు. హమ్ వస్తోందని మూడో పిన్ను విరిచేసేవాళ్లు మన ఆర్కెస్ట్రాల్లో చాలామంది ఉన్నారు, ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. పాట మొదలెట్టేముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొస మైకు జాలీకి, ఒక కొస గిటారు తీగకు ఆనించండి. దాదాపు సున్నా రావాలి. నాలుగైదు వోల్టులు దాటితే పాట వద్దు. బోర్డుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టించుకోవడం ఇంకా మంచిది. మన ప్రాంతంలో ఎండాకాలం నేల బొత్తిగా ఎండిపోయి ఎర్త్ గుంత పనిచెయ్యదు. కచేరీకి ముందురోజు దాంట్లో నాలుగు బిందెల నీళ్లు పోయించండి.

మొరెల్లో ఆంప్ ఏదని కూడా అడిగారు. 50 వాట్ల మార్షల్ జేసీఎం 800, 2205 మోడల్, కింద పీవీ కంపెనీ నాలుగు స్పీకర్ల బాక్సు. బ్యాండుకు ముందు నుంచీ అదే. ఒకరోజు కూర్చుని నాబ్‌లు సరిచూసుకుని, గుర్తులు పెట్టేసి, ఇక సౌండు వేట మానేశాడు. కొత్త ఆంప్ కోసం వెతికే టైములో కొత్త వాయింపు వెతుక్కున్నాడు. నేర్చుకునే పిల్లలు ఆయన దగ్గర తీసుకోవాల్సింది మొదట ఇదే.

ఇంగ్లీషు పాట కాకుండా వేమన పద్యాన్ని ఈ రాక్ దరువు మీద పాడాలని చూస్తాండాం. ఎంత చేసినా తాళం తప్పుతాంది. పద్యం పనికిరాదా, మాకు రాదా?
— నలుగురు మిత్రులు, కదిరి రోడ్డు, అనంతపురం

పద్యం బ్రహ్మాండంగా పనికొస్తుంది. మీరు మాత్రను దరువులో తప్పుచోట పెడుతున్నారు. 'ఉప్పు కప్పురంబు' పద్యమే చూడండి. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. ఉప్పు, కప్పు, రంబు: మూడేసి మాత్రలు. నొక్కపో, లికనుండు: అయిదేసి. మొత్తం 19. రెండో పాదంలో చూడ, చూడ, రుచుల, జాడ, వేరు: అన్నీ మూడేసే, 15. నాలుగు దెబ్బల రాక్ దరువును పదహారు ముక్కలు చేస్తే, మొదటి పాదం మూడు మాత్రలు పొంగిపోతుంది, రెండోది ఒకటి తగ్గుతుంది. పద్యం పద్యానికీ ఇంద్రగణం నాలుగు మాత్రలా అయిదా అనేది మారుతుంది కూడా. అందుకే మీకు ప్రతిసారీ ఒక్కోచోట తప్పుతోంది.

మాత్రలు లెక్కపెట్టడం మానేసి, దెబ్బకు ఒక గణం పెట్టండి. పాదానికి అయిదు గణాలు, అయిదు దెబ్బలు. సూర్యగణం ఒక దెబ్బలో మూడు సమభాగాలుగా దొర్లుతుంది. ఇంద్రగణాన్ని కొంచెం తరిమి అదే దెబ్బలో ఇరికించాలి. ఆ ఒత్తిడిలోనే కోపం పలుకుతుంది. రెండు ఆవర్తాలంటే ఎనిమిది దెబ్బలు. మాట అయిదు తీసుకుంటే మూడు మిగులుతాయి. ఆ మూడింట్లో గిటారు జవాబు చెప్పాలి, గొంతు నోరెత్తకూడదు. వేగం నిమిషానికి 80 దగ్గర మొదలుపెట్టండి. 100 దాటితే అయిదు మాత్రల గణం నలిగిపోతుంది.

ఇందులో మాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఆటవెలదిలో యతి నాలుగో గణం మొదటి అక్షరం మీద పడుతుంది. దెబ్బకో గణం పెట్టినప్పుడు అది సరిగ్గా నాలుగో దెబ్బ. రాక్ డ్రమ్ముల్లో స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్ము) కొట్టేది రెండు, నాలుగు దెబ్బల మీదే. మొదటి పాదంలో ఉ–నొ అనే ఆ మైత్రి, రెండో పాదంలో యతి బదులు వచ్చిన చూడ–జాడ ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) స్నేర్ దెబ్బతో కలిసి మోగుతాయి. గాయకుడు ఒకటో దెబ్బనూ నాలుగో దెబ్బనూ గట్టిగా పట్టుకుంటే మిగతాది దానంతట అదే సర్దుకుంటుంది. రాగం తీయొద్దు, మాటాడినట్టే అనండి. మొరెల్లో బ్యాండు గాయకుడు జాక్ డి లా రోచా పాడే తీరు కూడా అదే, పాటకూ అరుపుకూ నడుమ మాట.

కాలేజీ ఫెస్టులో వాళ్ల పాటలు వాయించాలంటే లైసెన్సు కావాలా? బూతులున్న పాటతో చిక్కొస్తుందా?
— విద్యార్థి సంఘం, కర్నూలు

కాలేజీ కార్యక్రమంలో విద్యార్థులు, సిబ్బందే స్వయంగా వాయిస్తే కాపీరైట్ చట్టం 52(1)(జె) కింద మినహాయింపు ఉంది. రికార్డు వేస్తే మాత్రం ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, కాలేజీతో సంబంధమున్నవాళ్లకే పరిమితం కావాలి. టికెట్లు పెట్టి ఊరందర్నీ పిలిస్తే, బయటి బ్యాండును తెస్తే ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. పాట హక్కులకు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) దగ్గర, రికార్డు వేసేందుకు ఆ రికార్డు హక్కుదారుల దగ్గర లైసెన్సు తీసుకోవాలి.

మైదానంలో అయితే పోలీసు అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి: తేదీ, టైము, చోటు, స్పీకర్లెన్ని. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. ఇళ్ల మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి, కోర్టు, బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు, అది కూడా స్టేషన్లోనే అడిగి తెలుసుకోండి.

బూతుల సంగతి: బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల పాట పాడితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2009 డిసెంబరులో బీబీసీ రేడియో ఫైవ్ లైవ్‌లో ఆ మాటలు వద్దని ముందే చెప్పినా బ్యాండు అనేసింది, మధ్యలోనే ఆపేశారు. మీరు ఆ చోట గొంతు ఆపి గిటారుతో నింపితే జనమే పూరిస్తారు.

ఆ 2009లోనే క్రిస్మస్ పాటల పోటీలో గెలిచారట, నిజమేనా?
— పాఠకుడు, కడప

నిజమే. బ్రిటన్‌లో ఏటా టీవీ పాటల పోటీ విజేత పాటే క్రిస్మస్ వారం మొదటి స్థానంలో ఉంటూ వచ్చింది. విసిగిన ఒక దంపతులు ఫేస్‌బుక్‌లో ప్రచారం మొదలెట్టారు. పదిహేడేళ్ల నాటి 'కిల్లింగ్ ఇన్ ద నేమ్' పాటను ఆ వారంలో జనం సుమారు 5 లక్షల కాపీలు కొని మొదటి స్థానానికి ఎక్కించారు. మాటిచ్చినట్టే 2010 జూన్ 6న లండన్ ఫిన్స్‌బరీ పార్కులో బ్యాండు ఉచిత కచేరీ చేసింది.

గ్వాంటనామో జైల్లో వాళ్ల పాటలు వాడారని విన్నాం. ఎందుకు?
— న్యాయవాది, అనంతపురం

క్యూబా గడ్డ మీద అమెరికా సైన్యం నడిపే ఆ జైల్లో ఖైదీల్ని నిద్రపోనివ్వకుండా గంటల తరబడి పెద్ద మోతతో పాటలు వేశారు. అందులో ఈ బ్యాండువీ ఉన్నాయని తెలిసి మొరెల్లో 2009లో ఆ జైలు మూసేయాలనే ప్రచారంలో చేరాడు, ఏ పాటలు వాడారో బయటపెట్టాలని ఇతర కళాకారులతో కలిసి అడిగాడు. హింసకు వ్యతిరేకంగా రాసిన పాటే హింసకు పనిముట్టు కావడం కన్నా పాటగాడికి పెద్ద అవమానం లేదు. 2012లో రిపబ్లికన్ నేత పాల్ రయన్ తన అభిమాన బ్యాండు ఇదేనన్నప్పుడు కూడా, తమ పాటలు ఎవరి మీద కోపంతో పుట్టాయో ఆ యంత్రానికి నిలువెత్తు రూపం ఆయనేనని మొరెల్లో పత్రికలో ఘాటుగా రాశాడు.

బ్యాండు ఇప్పుడుందా? టికెట్ల ధరల మీద గొడవేంటి?
— ఇద్దరు పాఠకులు, కర్నూలు

2000 అక్టోబరులో గాయకుడు వెళ్లిపోయాక మిగిలిన ముగ్గురూ గాయకుడు క్రిస్ కార్నెల్‌తో ఆడియోస్లేవ్ అనే బ్యాండు నడిపారు. 2005 మేలో హవానాలో ఆరుబయట కచేరీ చేశారు. 2007లో పాత బ్యాండు మళ్లీ కలిసింది. 2020 పర్యటనలో పదిశాతం టికెట్లు పక్కనపెట్టి ఎక్కువ ధరకు అమ్మారు. బ్లాకులో అమ్మేవాళ్ల లాభం స్వచ్ఛంద సంస్థలకు పోవాలన్నది ఉద్దేశం. సామాన్యుడి బ్యాండు అని చెప్పుకుంటూ ఇంత ధరా అని అభిమానులే తిట్టారు. ఆ కోపంలో న్యాయముంది. మామూలు టికెట్టు కూడా చవక కాదు. కోవిడ్ వల్ల ఆ పర్యటన 2022లో మొదలైంది. జులైలో షికాగో స్టేజీ మీద గాయకుడి కాలికి దెబ్బతగిలింది, కొన్నాళ్లు కూర్చుని పాడాడు, తర్వాతి తేదీలు రద్దయ్యాయి. అదే పర్యటనలో, గర్భస్రావ హక్కును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు, మహిళల హక్కుల సంస్థలకు 4 లక్షల 75 వేల డాలర్లు ఇచ్చారు. 2023లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సత్కారానికి మొరెల్లో ఒక్కడే వెళ్లాడు. ఇక కలిసి వాయించబోమని 2024 జనవరిలో డ్రమ్మర్ బ్రాడ్ విల్క్ ప్రకటించాడు.